బుడ్డి చోటు

"రొట్టె వేడిగా ఉంటేనే రొట్టె" అంటారు మా ఆయన. అందులో అబద్ధమేమీ లేదు. పెనం మీద నుంచి పళ్లెంలోకి జారినప్పుడు జొన్నరొట్టెకు ఉండే మెత్తదనం కాసేపు పోతే ఉండదు. అందుకే ఆయన తింటున్నంతసేపూ నేను ఒకటి తడుతూ, ఒకటి కాలుస్తూ, ఒకటి తీసుకెళ్లి వేస్తూ ఉంటాను. ఆయన లేచాక మా అత్త కూర్చుంటుంది. ఆమె కూడా లేచాక పెనం దించి, గట్టు తుడిచి, మిగిలిన పిండి ఎత్తిపెట్టి, అప్పుడు నేను తింటాను. పెళ్లయిన కొత్తలో మా అత్తతో ఒకసారి, "అన్నీ ముందే చేసి పెడతా అత్తా, మీతో పాటే నేనూ కూచుంటా" అన్నాను. "చల్లరొట్టె తినేదానికి వాడేమన్నా జీతగాడా?" అంది. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టే అంది. నేనూ అలాగే విన్నాను.

ఫిరోజా మా ఇల్లు చూడటానికి వచ్చిన పొద్దున కూడా నేను రొట్టె తడుతూనే ఉన్నాను.

ఫిరోజా నా జాకెట్లు కుట్టే మనిషి. ఆదోనిలో కొండ దిగువ వీధిలో ఆమె ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను, వెనక పెరట్లో రేకుల గది. ఆ రేకుల గదిలో ఎప్పుడూ ఒకటో రెండో కుక్కపిల్లలు ఉంటాయి. రోడ్ల పక్కన, కాలవల్లో దొరికిన పిల్లలను కర్నూలులో ఉండే పశువుల డాక్టరమ్మ ఒకామె ఫిరోజాకు పంపిస్తుంది. మంచి ఇల్లు దొరికేదాకా వాటిని సాకి, దొరికాక ఇచ్చేయడం ఫిరోజా పని. పని అంటున్నాను గాని, అందుకు ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆమె భర్త ఇలియాస్ సణుగుతూనే పాలు తెచ్చిపెడతాడు. కుక్క తాకిన బట్టలు మార్చుకుని, చేతులూ కాళ్లూ కడుక్కుని నమాజుకు కూర్చుంటుంది ఫిరోజా. "మా పెద్దోళ్లు కుక్కను ఇంట్లోకి రానియ్యరక్కా. అందుకే పెరట్లో పెట్టుకున్నా. ఆకలిగా ఉన్నదానికి అన్నం పెట్టద్దని మాత్రం ఏ పెద్దా నాకు చెప్పలేదు" అంటుంది. ఆమె ఆ మాట చెప్పే తీరు నాకు చాలా ఇష్టం. ఎవరితోనూ తగువు పెట్టుకోదు. ఎవరి ముందూ తల దించదు. రెండూ ఒకేసారి ఎలా చేస్తుందో చూడటానికే నేను కుట్టించుకోవలసిన అవసరం లేకపోయినా ఆ వీధిలోకి వెళ్లేదాన్ని.

అలా వెళ్లిన ఒకరోజు మిషను కింద, గుడ్డపేలికల కుప్పలో రెండు కళ్లు కనిపించాయి. వేయించిన చెనిక్కాయ తొక్కలా, అంటే వేరుశనగ తొక్కలా, లేత పసుపు రంగు కుక్కపిల్ల. ఒక చెవి నిలబడి ఉంది, ఇంకొకటి మడతపడి ఉంది.

"దీని తల్లి ఎవురో పెద్దింటి లాబ్రడార్ అంట. తండ్రి మాత్రం మన వీధోడే" అని నవ్వింది ఫిరోజా. "జాతికుక్క కావాల్నంటే దీని చెవి చూసి వద్దంటారు. వీధికుక్క చాలన్నోళ్లు ఇంత దూరం రారు. దానికి తోడు శానా పిరికిది. మిగతావన్నీ తోక ఊపుకుంటా పోయి వచ్చినోళ్ల ఒళ్లో కూచుంటాయి. ఇది మిషను కింద నుంచి రాదు. మూడిళ్లకు చూపించినా, ఎవురికీ వద్దంట."

నేను కిందికి వంగలేదు, పిలవలేదు. జాకెట్ కొలతలు ఇస్తూ నిలబడ్డాను. కాసేపటికి నా కాలి వేలికి చల్లగా ఏదో తగిలింది. చూసేలోపే ముక్కు వెనక్కి పోయింది. అంతే జరిగింది. ఇంటికి వచ్చి పప్పుకు పోపు పెడుతుంటే ఆ చల్లదనం ఇంకా వేలి మీద ఉన్నట్టే ఉంది.

దాన్ని తెచ్చుకుందామని ఇంట్లో అడగడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఫలానాది నాకు ఇష్టం, నాకు కావాలి అని చెప్పడం నాకు అలవాటు లేదు. దేవుడి ముందు కూడా ఇంట్లో అందరి పేర్లూ చెప్పుకుని, నా పేరు వచ్చేసరికి కళ్లు తెరిచేస్తాను. పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని. చివరికి ఒకరోజు ఆయన పళ్లెంలో రొట్టె వేస్తూ అడిగేశాను.

"కుక్కనా? ఎందుకే?" అన్నారు. ఆయన పేరు వీరేష్. పత్తి వ్యాపారం, మార్కెట్ దగ్గర గోడౌన్. నేను మాట వెతుక్కుంటుంటే ఆయనే చెప్పుకున్నారు. "సర్లే, గోడౌన్ కాడ కాపలాకు పనికొస్తాది. మగదేనా?"

"ఆడది."

"ఆడదెందుకే? యేడాదికోసారి పిల్లలు పెట్టుకుంటా కూచుంటాది."

"డాక్టరమ్మ ఆపరేషన్ చేస్తుందంట" అన్నాను. కాపలా సంగతి మాత్రం కాదనలేదు. మిషను కింద నుంచే బయటికి రాని పిల్ల గోడౌన్ ఏం కాస్తుంది!

మా అత్త గురమ్మకు అసలు మాటే నచ్చలేదు. "కుక్క తొక్కిన ఇంట్లో దేవుడికి దీపం పెట్టేదెట్లనే?" అంది.

మా ఇంటి దేవుడు మైలారలింగడు. ఆ స్వామి సేవకులు గొరవయ్యలు. నల్ల కంబళి కప్పుకుని, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని, డమరుకం వాయిస్తూ వస్తారు. తాము దేవుడి కుక్కలమని వాళ్లే చెప్పుకుంటారు. మా ఇంట్లో మొక్కు ఉన్న ఆదివారం వాళ్లను పిలిచి దోణి నింపుతాం. దోణి అంటే చెక్క గిన్నె. అందులో పాలు, అరటిపండ్లు, బెల్లం, నెయ్యి పోస్తాం. గొరవయ్యలు దాని చుట్టూ మోకాళ్ల మీద వంగి, కుక్కల్లా గుర్రుమంటూ, మొరుగుతూ, చేయి తగలకుండా నోటితోనే తింటారు. ఇంటి పెద్దకొడుకుగా మా ఆయన కూడా వాళ్లతో వంగుతారు. చూసేవాళ్లకు వింతగా ఉండొచ్చు. నాకు మాత్రం ఆ సేవ చూసినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. దేవుడి ముందు ఇంతగా తగ్గిపోవచ్చు కదా అనిపిస్తుంది. మా ఇంటి మగవాళ్లు నేల మీదికి వంగడం నేను చూసేది కూడా ఆ ఒక్కరోజే.

"మన దేవుడికి కుక్కలంటే ఇష్టం కదా అత్తా?" అన్నాను మెల్లగా.

"ఆ కుక్కలు వేరు" అంది మా అత్త.

నిజమే, వేరు అనుకున్నాను మనసులో. వాటికి వండిపెట్టేవాళ్లు ఉంటారు.

అయినా ఆయన సరేనన్నాక ఆమె అడ్డు చెప్పలేదు. కొడుకు మాట దాటే అలవాటు ఆమెకూ లేదు.

ఇల్లు చూడటానికి వచ్చిన ఆ పొద్దున ఫిరోజా గేటు చూసింది. సంపు మూత ఎత్తి చూసింది. మిద్దె పిట్టగోడ ఎంత ఎత్తుందో చూసింది. మా ఆయన పళ్లెం ముందు కూర్చునే నవ్వారు. "ఏమ్మా, పిల్లనిచ్చేటప్పుడు గూడా ఇంత చూడరే!"

"పిల్లనిచ్చేటోళ్లు చూడరనే నేను చూస్తాండా అన్నా" అంది ఫిరోజా.

ఆయన మళ్లీ నవ్వారు. నాకు మాత్రం చేతిలో రొట్టె ఒక పక్క పలచబడింది.

తర్వాత ఆమె వంటింటి గడపలో నిలబడి నన్ను అడిగింది. "ఇంట్లో నువ్వు యాడ కూచుంటావక్కా?"

ఇది చాలా చిన్న ప్రశ్న. పెనం మీద రొట్టె తిప్పి చెప్పాలనుకున్నాను. తిప్పాను. చెప్పలేకపోయాను. హాల్లో ఫ్యాను కింద కుర్చీ ఆయనది. దేవుడి గది పక్కన చాప మా అత్తది. కూతురు సుప్రజ కడపలో చదువుకుంటోంది, హాస్టల్లో ఉంటుంది. అయినా దాని బల్ల, దాని కుర్చీ అలాగే ఉన్నాయి, ఎవరూ వాటి మీద ఏమీ పెట్టరు. నేను? వంటింట్లో నిలబడతాను. హాల్లోకి కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడతాను. వడ్డించేటప్పుడు గొంతుక్కూర్చుంటాను, అది కూర్చోవడం కాదు. టీవీ చూసేటప్పుడు గోడకు ఆనుకుంటాను, ఎవరైనా పిలిస్తే వెంటనే కదలొచ్చని. పడుకునే చోటు ఉంది. నిలబడే చోట్లు ఇంటి నిండా ఉన్నాయి.

"ఆమె కూచుంటే ఇల్లు నడిచినట్టే!" అని హాల్లోంచి ఆయన అన్నారు. పొగడ్తగానే అన్నారు.

ఫిరోజా అటు చూడలేదు. "అది నీకు మచ్చిక కావాల గదా అక్కా. నువ్వు కూచునే చోటు పక్కనే దానికి చోటు చేయాల. నువ్వు పొద్దస్తమానం తిరుగుతా ఉంటే అది ఎవురి పక్కన పండుకుంటాది?"

వంటింటి పక్కన సామాన్ల గది చూపించాను. అందులో గోడ పొడుగునా దిమ్మెల మీద నిలిపిన కడప బండ ఉంది. పైన డబ్బాలు, కింద ఖాళీ. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. ఫిరోజా వంగి చేత్తో తడిమి చూసింది. "బాగుంది. అయితే ఒక మాట, అందురూ వినండి" అని గొంతు పెంచింది. మా ఆయన తినడం ఆపారు. మా అత్త చాప మీద నుంచి తల తిప్పింది. "ఇది దాని చోటు. అది ఈడ ఉన్నప్పుడు దాన్ని ఎవురూ పిలవగూడదు. ఈడ్చగూడదు. తినేటప్పుడు లేపగూడదు. అది తనంతట తను వచ్చేదాకా ఆగాల. గోడౌన్‌కు పంపిస్తే మాత్రం నేనొచ్చి తీసుకపోతా."

"మహారాణి గదా!" అన్నారు మా ఆయన.

మర్నాడు ఫిరోజా దాన్ని గంపలో తెచ్చింది. అది గంపలోంచి నేరుగా బండ కిందికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. చెనిక్కాయల్ని మా వైపు బుడ్డలంటాం. దాని రంగు చూసి బుడ్డి అని పేరు పెట్టాను. పిలవగూడదు కాబట్టి ఆ పేరు మనసులోనే అనుకునేదాన్ని.

మచ్చిక చేయడం ఎలాగో ఫిరోజా చెప్పి వెళ్లింది. రోజూ పోయి దానికి వీపు పెట్టి కూర్చోవాలి. దాని వైపు చూడగూడదు. చేయి చాపగూడదు. "చేతుల్లో పని పెట్టుకోవాకు. చెయ్యి ఆడితే దానికి భయం. ఊరికే కూచో" అంది. నేను బ్రహ్మవిద్యలాంటిదేదో చెబుతుందనుకున్నాను. ఇంతేనా అనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఊరికే కూర్చోవడం నాకు రాదని. చేతులు ఒళ్లో పెట్టుకుంటే అవి నావి కానట్టు ఉన్నాయి. ఒక వేలు చీర అంచు మీది దారం పీకుతోంది. ఇంకొకటి నేల మీది బియ్యపు గింజ ఏరుతోంది. మధ్యాహ్నం నానబెట్టాల్సిన శనగలు గుర్తొచ్చాయి. ఆరేసిన బట్టలు గుర్తొచ్చాయి. జపం చేసుకుందామంటే వేళ్లతో లెక్కపెట్టడం కూడా కదలికే కదా అని మానేశాను. మొదటిసారి దేవుణ్ణి ఏమీ అడగకుండా, ఏమీ పెట్టకుండా తలుచుకున్నాను. ఆయనా ఊరికే ఉన్నాడు, నేనూ ఊరికే ఉన్నాను.

"ఏం చేస్తాండావే?" అని హాల్లోంచి మా అత్త కేకేసేది.

"కుక్కను మచ్చిక చేస్తాండా అత్తా."

అది పనే కాబట్టి ఆమె మరేమీ అనేది కాదు. విశ్రాంతి అంటే అనేదేమో.

బుడ్డి నన్ను తొందరపెట్టలేదు, తనను తొందరపెట్టనివ్వలేదు. దాన్ని చూసి నాకు ఆశ్చర్యం వేసేది. గిన్నెలో పాలన్నం పెడితే ఆకలితో కడుపు లోపలికి పోయినా నేను గది దాటేదాకా ముట్టేది కాదు. ఎవరిని ఎంత దూరంలో ఉంచాలో అంత చిన్న ప్రాణానికి తెలుసు. అది పిరికితనమంటారు అందరూ. నాకు మాత్రం రోజులు గడిచేకొద్దీ అది ధైర్యంగా కనిపించింది. నచ్చనప్పుడు రాకుండా ఉండటం నేను ఏనాడూ చేయలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం నా వీపు వెనక గిన్నె కదిలిన చప్పుడైంది. నేను ఉండగానే తింటోంది. నేను కదలకుండా, పెదవి కొరుక్కుంటూ, ఆ నాకుడు చప్పుడు వింటూ కూర్చున్నాను. నేను పెట్టిన అన్నం గురించి అంత మంచిమాట నేను ఎప్పుడూ వినలేదు.

ఒక ఆదివారం పొద్దున దేవుడి గది గడపలో కూర్చుని పూలు కడుతున్నాను. కూర్చునే అలవాటు మెల్లగా ఇంట్లో మిగతా చోట్లకూ పాకింది. లోపల మా అత్త బండారుతో, అంటే స్వామి పసుపుతో, పూజ చేస్తోంది. బుడ్డి సామాన్ల గదిలోంచి గోడవారగా వచ్చి నా పక్కన పడుకుంది. అది నా కోసం వచ్చింది. మా అత్త హారతి పట్టుకుని ఇటు తిరిగింది, గడప ముందు కుక్క, స్వామి బండారులా పసుపు రంగు ఒళ్లు, అదీ స్వామి వారమైన ఆదివారం. హారతి పళ్లెం కింద పెట్టేసింది.

"స్వామీ! నువ్వే పంపినావా!" అని కూలబడి దాని నుదుటికి బండారు పూసింది.

బుడ్డి కట్టెలా బిగుసుకుపోయింది. చెవులు వెనక్కి అతుక్కున్నాయి. కళ్లు తెల్లబడ్డాయి. "చూడే, ఎంత భక్తి! కదలడం లేదు చూడు" అంది మా అత్త.

పెళ్లిచూపుల్లో నేనూ అలాగే కూర్చున్నాను. ఎవరో పెద్దావిడ నన్ను చూసి, "ఎంత అణకువ!" అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో అంతా మారిపోయింది. ఛీ అన్న నోటితోనే మా అత్త దాన్ని "తల్లీ" అనడం మొదలుపెట్టింది. వచ్చే ఆదివారం గొరవయ్యల్ని పిలవాలంది. దోణి నింపి ముందుగా దీనితో ముట్టించాలంది. మా ఆయన మార్కెట్‌లో అందరికీ చెప్పి వచ్చారు. "మా ఇంటికి మైలారలింగడి కుక్క వచ్చిండాది" అని ఫోన్లలో చెబుతుంటే ఆయన గొంతులో సంతోషం నిజమైనదే. గోడౌన్ మాట మర్చిపోయారు. నాకు అది ఊరటగా ఉండాలి. ఉండలేదు. అది కాపలా కాయాలి, లేదంటే దేవుడి ప్రతిరూపం కావాలి. ఊరికే ఒక పిరికి కుక్కపిల్లగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోరు. శుక్రవారం పసుపు రాసుకున్నప్పుడు నన్ను ఇంటి లక్ష్మి అంటారు. ఆ లక్ష్మే మిగతా రోజుల్లో చల్లరొట్టె తింటుంది. రెండింటికీ మధ్యలో నాగవేణి అని ఒక మనిషి ఉంటుందని ఈ ఇంట్లో ఎవరికైనా తట్టిందో లేదో.

ఫిరోజాకు ఫోన్ చేశాను. డమరుకాలు, మంది అనగానే ఆమె కుట్టుమిషను ఆపింది. తర్వాత అంది, "అక్కా, మిషను మీంచి కత్తెర పడితేనే అది ఒక పొద్దంతా తినలేదు. ఇప్పుడిప్పుడే నీ పక్కకు వస్తాండాది. ఇంగొకసారి బెదిరిందంటే మళ్లా మనిషి దగ్గరికి రాదు. మీ దేవుడి పని, నేను అడ్డం చెప్పేదాన్ని కాదు. దాన్ని మందిలోకి తెస్తారంటే మాత్రం నేనొచ్చి తీసుకపోతా. నువ్వు వద్దని చెప్పగలవా, లేకుంటే నన్ను రమ్మంటావా?"

"నేను చెప్తా" అన్నాను.

చెప్పాను కూడా. రొట్టె వేస్తూ, "అది భయపడతాది" అన్నాను. "దేవుడి కుక్కకు భయమేందే?" అన్నారు ఆయన. మళ్లీ మా అత్తకు కాళ్లు పడుతూ అన్నాను. "స్వామి చూసుకుంటాడులే" అంది. ఆ మాట మీద నేనేం మాట్లాడగలను? ఆ స్వామి నాకూ స్వామే. దీపం పెట్టేటప్పుడు ఆయన్నే అడిగాను. "నీ సేవకు నేను అడ్డమొస్తే పాపమా స్వామీ? నీ దగ్గరికి వచ్చేవాళ్లందరూ కాలినడకన, ఇష్టంగా వస్తారు. ఎవరినీ మెడ పట్టుకుని ఈడ్చుకు రమ్మని నువ్వు చెప్పినట్టు నేను వినలేదు." దీపం నిలకడగా వెలిగింది. రోజూ అలాగే వెలుగుతుంది. జవాబు అనుకోవడానికి లేదు, కాదనుకోవడానికీ లేదు.

ఆదివారం చీకటితోనే లేచి అందరికీ వండాను. పొంగలి, చిత్రాన్నం, పప్పు, వంకాయ, భక్ష్యాలు. పాలు, పండ్లు, బెల్లం, నెయ్యి దోణి పక్కన పెట్టాను. ముందువాకిలి నిండా జనం చేరారు. గొరవయ్యల పెద్ద లక్ష్మన్న టోపీ సర్దుకుని డమరుకం ఎత్తాడు. మొదటి దెబ్బకే లోపల ఏదో డబ్బా కదిలిన చప్పుడు వినిపించింది. నేను చేతిలోని గరిటె కింద పెట్టాను. సామాన్ల గదిలోకి వెళ్లి, బండకు వీపు పెట్టి కూర్చున్నాను. వెనక బుడ్డి వణుకు గచ్చు మీదుగా నాకు తెలుస్తోంది. తడి నా చీరకు అంటింది. పోసుకుంది పాపం.

"వేణీ! దాన్ని తీసుకరా" అని మా అత్త కేకేసింది. నేను లేవలేదు.

మా ఆయన వచ్చారు. కొత్త పంచె, నుదుట బండారు. "మంది ఎదురుచూస్తాండారే" అంటూ వంగి, నా భుజం మీదుగా బండ కిందికి చేయి పెట్టారు. నేను ఆ చేయి పట్టుకున్నాను. ఆయన చేతిని ఆపడానికి పట్టుకోవడం అదే మొదటిసారి. ఆయన కూడా ఆశ్చర్యంగా నా చేతినే చూశారు.

"దాని చోట ఉన్నప్పుడు దాన్ని ఎవురూ పిలవగూడదు. ఆ పొద్దు ఫిరోజా చెప్పింది. మీరూ విన్నారు."

"నువ్వు లెయ్యి ముందు. వడ్డించాల గదా?"

"వండి పెట్టినా. అన్నీ ఆడనే ఉండాయి. నేనూ నా చోట ఉండా."

నా గొంతు పెద్దగా లేదు. నాకే వినిపించిందో లేదో అన్నట్టుంది. ఆయనకు మాత్రం వినిపించింది. కోపం వచ్చి పోయింది ముఖంలో. దాని వెనక, ఏం చేయాలో తెలియని పిల్లవాడి ముఖం ఒకటి కనిపించింది.

"అమ్మకేం చెప్పేది?" అన్నారు.

"భయపడిందని చెప్పండి. అబద్ధం కాదు గదా."

పంచె సర్దుకుని వెళ్లిపోయారు. బయట గుసగుసలు వినిపించాయి. తర్వాత లక్ష్మన్న దేవుడి పేరు చెప్పి పెద్ద కేక పెట్టాడు. గొరవయ్యలు గుర్రుమనడం, మొరగడం మొదలైంది. అందులో మా ఆయన గొంతు కూడా ఉంది, గుర్తుపట్టాను. మోకాళ్ల మీద ఉంటారు ఇప్పుడు. నా కళ్లలో ఎప్పటిలాగే నీళ్లు తిరిగాయి. ఆ సేవ గొప్పదే. అది గొప్పది కావడానికి నా వెనక వణుకుతున్న ప్రాణం అక్కర్లేదు, అంతే.

అప్పుడే నా మోచేతి కింద చల్లటి ముక్కు దూరింది. తర్వాత తల, ముందుకాళ్లు. బుడ్డి సగం నా ఒళ్లోకి వచ్చి, వాకిలి వైపు చెవులు పెట్టింది. బయట అంతమంది మగవాళ్లు కుక్కల్లా మొరుగుతుంటే, మా ఇంట్లోని అసలు కుక్క మొట్టమొదటిసారి నోరు తెరిచి, "బౌ" అంది. చిన్న గొంతు. అనేసి అదే బెదిరిపోయి నా వైపు చూసింది.

బయట చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఎవరో నవ్వారు. లక్ష్మన్న డమరుకం మళ్లీ మోగింది.

కొంతసేపటికి గదిలో వెలుతురు తగ్గింది. గుమ్మంలో మా అత్త. తిట్లకు సిద్ధమయ్యాను. ఆమె తడిసిన గచ్చును చూసింది, దాని మీద కూర్చున్న నన్ను చూసింది, నా ఒళ్లో తల దాచుకున్న బుడ్డిని చూసింది.

"నన్ను గూడా ఈ గదిలోంచే ఈడ్చుకపోయిరి" అంది. "కొత్తకోడలుగా వచ్చినప్పుడు. మూటల వెనక దాక్కుంటి. మంది శానా నవ్విరి."

కొంగుతో ముఖం తుడుచుకుని, తలుపు దగ్గరికి వేసి వెళ్లింది. ఆ పూట వడ్డన ఎవరు చేశారో నేను అడగలేదు. వాకిట్లో మా ఆయన గొంతు మాత్రం వినిపించింది, "పొంగలి ఎవురికప్పా?" అని.

తర్వాత కొన్నాళ్లకు ఫిరోజా చూసిపోవడానికి వచ్చింది. మళ్లీ రొట్టెల వేళే. బుడ్డి తోక కిందికే పెట్టుకుని వచ్చి, ఆమె పాదాలు వాసన చూసి, గుర్తుపట్టి, రెండుసార్లు ఊపి, మళ్లీ నా దగ్గరికి వచ్చేసింది. ఫిరోజా దాన్నే చూసింది. ఇన్ని పిల్లల్ని సాకి, ఇన్నింటిని ఇచ్చేసిన మనిషి. ప్రతిసారీ ఇంతే నొప్పి ఉంటుంది కాబోలు. "ఇంగ ఇది నాది కాదు" అంది, నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పక్కా. యాడ కూచుంటావు?"

పెనం మీద అప్పుడే పొంగిన రొట్టెను నా పళ్లెంలో వేసుకున్నాను. పొయ్యి ఆర్పాను. కాస్త చెనిక్కాయల చట్నీ వేసుకుని, సామాన్ల గదిలో బండ పక్కన కొత్తగా పరిచిన చాప మీద కూర్చున్నాను. బుడ్డి వచ్చి మోకాలికి ఆనుకుంది. ఒక ముక్క తుంచి ఊది దానికి పెట్టాను. ఒక ముక్క నా నోట్లో పెట్టుకున్నాను. మా ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. వేడిగా ఉంటేనే రొట్టె.

"వేణీ! రొట్టె!" అని హాల్లోంచి కేక వినిపించింది.

విన్నాను. ఇంకొక ముక్క తుంచుకున్నాను. రెండోసారి పిలవబోయిన ఆయన గొంతును మా అత్త గొంతు సగంలోనే ఆపేసింది.

"పిలవద్దురా వీరేషా. ఆమె ఆమె చోట ఉండాది."